రేషన్ షాపు, అంగన్‌వాడీ, బడి భోజనం: ఎవరి బాధ్యత ఎంత, పంచాయతీ ఏం చేయాలి?

సర్పంచ్ గారూ, మీరు కొత్తగా ఎన్నికయ్యారు. రేషన్ షాపులో తూకం తక్కువ వస్తోందని, బడిలో పప్పు నీళ్ళలా ఉంటోందని, అంగన్‌వాడీలో గుడ్లు సరిగ్గా అందడం లేదని జనం మీ ఇంటికి వస్తున్నారు. మండలంలో అడిగితే "అవి మూడూ వేర్వేరు శాఖలవి, పంచాయతీకి సంబంధం లేదు" అన్నారని రాశారు. మీ బాధ్యత ఎంతవరకో, మిగతా వాళ్ళది ఎంతో చెప్పమన్నారు.

నేను చాలా ఏళ్ళు సామాజిక తనిఖీల్లో, అంటే పథకాల లెక్కలు జనం ముందు సరిచూసే పనిలో ఉన్నాను. మొదట ఉపాధి హామీ పనులు, తర్వాత ఆహార పథకాలు. ఆ అనుభవంతో చెబుతున్నాను: సంబంధం లేదన్న మాట తప్పు. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013లో 25వ సెక్షన్ చూడండి. తమ పరిధిలో ఆ చట్టం సరిగ్గా అమలయ్యేలా చూసే బాధ్యత స్థానిక సంస్థలదేనని స్పష్టంగా ఉంది. 28వ సెక్షన్ చౌకధరల దుకాణాల మీద, ఇతర సంక్షేమ పథకాల మీద సామాజిక తనిఖీలు చేయించి, ఫలితాలు బయటపెట్టమంటుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాల్లో స్త్రీ శిశు సంక్షేమం, ప్రజా పంపిణీ వ్యవస్థ రెండూ ఉన్నాయి. ఈసారి ఎవరైనా మీకు సంబంధం లేదంటే, వాదన పెట్టుకోకుండా ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వరు.

అలాగని డీలర్‌షిప్ రద్దు చేయడం, అంగన్‌వాడీ టీచర్ను మార్చడం, వంట ఏజెన్సీని (బడి భోజనం వండే మహిళల బృందాన్ని) తీసేయడం మీ చేతిలో లేవు. అవి రెవెన్యూ, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్, విద్యాశాఖల అధికారాలు. కొత్త సర్పంచులు చాలామంది మొదటి నెలలోనే డీలర్‌తో గొడవపడి, తమకు లేని అధికారం చూపించబోయి, ఆ తర్వాత ఏమీ చేయలేక ఊరుకుంటారు. మీ పని వేరు. చూడాలి, అడగాలి, రాయించాలి, పైకి పంపాలి, జవాబు వచ్చేదాకా వదలకూడదు.

ఈ మూడు చోట్లా పనిచేసేవాళ్ళ బాధ్యతలు కాగితం మీద పేజీలకు పేజీలు ఉంటాయి. నా లెక్కలో అసలు బాధ్యత ఒక్కటే: కొరత ఎక్కడ పుట్టినా అది కాగితం మీద పైకి పోవాలి. లబ్ధిదారు వాటాలోంచి కోసి సర్దకూడదు. గోదాము నుంచి బియ్యం తక్కువ వస్తే డీలర్ అవి కార్డుదారుల తూకంలో సర్దుతాడు. బిల్లు ఆలస్యమైతే వంట ఏజెన్సీ ఆ ఆలస్యాన్ని పప్పులో సర్దుతుంది. గుడ్లు తక్కువ వస్తే టీచర్ గర్భిణులకు ఇచ్చి చిన్నపిల్లలకు ఆపుతుంది. ముగ్గురూ చెడ్డవాళ్ళు కాకపోవచ్చు. కానీ పైవాళ్ళ రిజిస్టర్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది కాబట్టి ఆ కొరత ఎప్పటికీ తీరదు.

రేషన్ షాపు సంగతి చూద్దాం. మన తెలంగాణలో ఆహార భద్రత కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకైతే కుటుంబానికి 35 కిలోలు. మండల స్టాక్ పాయింట్ నుంచి బియ్యం షాపు దగ్గరికి చేర్చే బాధ్యత ప్రభుత్వానిది. లారీ వచ్చినప్పుడు డీలర్ సంచులు లెక్కపెట్టుకుని సంతకం పెడతాడు, చాలాచోట్ల తూకం వేయడు. హమాలీలు తొందరపడుతుంటారు, లారీ ఇంకో ఊరికి పోవాలి. తీరా పంపిణీ మొదలుపెట్టాక 50 కిలోల సంచిలో కిలో, రెండు కిలోలు తగ్గాయని తేలుతుంది. అప్పటికే పూర్తి స్టాక్ ముట్టిందని సంతకం అయిపోయింది కదా, ఇక ఆ తగ్గింది ఎక్కడి నుంచి తేవాలి? మీ ఊరి కార్డుదారుల నుంచే.

అందుకే స్టాక్ దిగే రోజున మీరు గానీ, మీ వార్డు సభ్యుల్లో ఒకరు గానీ అక్కడ నిలబడండి. కొన్ని సంచులు తూకం వేయించండి. ఖాళీ సంచి బరువు తీసేసి నికర బరువు రాయించండి. తగ్గితే ఎంత తగ్గిందో రాసిన తర్వాతే డీలర్ సంతకం పెట్టాలి. డీలర్‌కు కూడా ఇదే మేలు. ఇలా చేస్తే అతను మీకు శత్రువు కాడు, మీవైపు నిలబడతాడు. ఆ తర్వాత పంపిణీ రోజున కాటా చూడండి. డబ్బా పెట్టాక కాటా సున్నా చూపించాలి, బియ్యం ఆ తర్వాతే పోయాలి. డబ్బా బరువుతో కలిపి తూచితే ఒక్కో కార్డు మీద పోయేది కొంచెమే కనిపిస్తుంది. ఊరి మొత్తం కార్డుల మీద లెక్కేస్తే సంచులు అవుతాయి.

డీలర్ బాధ్యతలు 2015 నాటి ప్రజా పంపిణీ నియంత్రణ ఉత్తర్వులో ఉన్నాయి. ఎవరికెంత రావాలి, షాపు వేళలు, ఈ నెల వచ్చిన స్టాక్, ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ, ఫిర్యాదు ఎక్కడ చేయాలి, ఇవన్నీ బయట బోర్డు మీద కనిపించాలి. సరుకు ఇచ్చాక కార్డు తన దగ్గర ఉంచుకోకూడదు. సబ్బో ఉప్పో కొంటేనే బియ్యం ఇస్తామనడానికి వీల్లేదు. బియ్యం బదులు డబ్బు చేతిలో పెట్టడం నేరం, కార్డుదారు ఒప్పుకున్నా సరే.

వేలిముద్ర పడని వాళ్ళ సంగతి మీరు స్వయంగా పట్టించుకోండి. కూలి పని చేసి చేతులు అరిగిపోయినవాళ్ళు, ముసలివాళ్ళు, కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ళు మిషన్ దగ్గర మూడుసార్లు వేలు పెట్టి, "మళ్ళీ రేపు రా" అనిపించుకుని వెళ్ళిపోతుంటారు. రెండు మూడుసార్లు తిరిగాక ఇక రారు. వేలిముద్ర పడకపోతే ఐరిస్ (కంటిపాప గుర్తింపు) ఉంది, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంది, మంచం పట్టినవాళ్ళ తరఫున నామినీ ఉన్నాడు. ఆధార్ లేదనో, మిషన్ గుర్తించలేదనో అర్హుల్ని తిప్పి పంపకూడదని, మినహాయింపు రిజిస్టర్‌లో రాసుకుని సరుకు ఇవ్వాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. మీ షాపులో ఆ రిజిస్టర్ ఉందా అని అడగండి. ఉండి ఖాళీగా ఉంటే మరీ అనుమానించాలి. ఊళ్ళో వేలిముద్ర పడని మనిషి ఒక్కరూ లేరంటే నమ్మలేం. నెలాఖరుకు సరుకు తీసుకోని కార్డుల జాబితా తీయించి, ఆ ఇళ్ళకు వెళ్ళి కారణం అడగండి. వలస పోయి ఉండొచ్చు, చనిపోయి ఉండొచ్చు, తిరిగి తిరిగి విసిగిపోయి ఉండొచ్చు. ఈ ఒక్క పని వల్ల వచ్చే సమాచారం ఏ తనిఖీ వల్లా రాదు.

ఇక బడి భోజనం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ తిట్టేది వంట చేసే ఆడవాళ్ళనే, తప్పు చాలాసార్లు వాళ్ళ కంటే పైన ఉంటుంది.

ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75, ఏడున్నర. పోషకాల లెక్కలో చిన్నవాళ్ళకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్; పెద్దవాళ్ళకు 700 కేలరీలు, 20 గ్రాములు. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాస్ కోసం కేంద్రం నిర్ణయించిన కనీస ధర 2025 మే నుంచి ప్రాథమికంలో పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆపై తరగతుల్లో 10 రూపాయల 17 పైసలు.

మీ ప్రాథమిక బడిలో అరవై మంది తిన్నారనుకోండి. ఆ రోజు ఆరు కిలోల బియ్యం, కిలో రెండు వందల గ్రాముల పప్పు, మూడు కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె వాడాలి. చేతికొచ్చేది ఆ లెక్కన దాదాపు 407 రూపాయలు. అది కూడా ఆ రోజు రాదు. ఏజెన్సీ మహిళలు కిరాణా కొట్టులో అప్పు పెట్టి వండుతారు. బిల్లు రెండు మూడు నెలలు ఆగితే కొట్టువాడు సామాను ఆపేస్తాడు, లేదా ఎక్కువ ధర వేస్తాడు. అప్పుడు కిలోంబావు పప్పు ముప్పావు కిలో అవుతుంది. లేదంటే తిన్నది యాభై మంది అయితే రిజిస్టర్‌లో అరవై పడుతుంది. మీకు కనిపించేది నీళ్ళ పప్పు. దాని వెనక ఉన్నది ఆగిన బిల్లు.

కాబట్టి వంటగదికి వెళ్ళగానే "ఇదేం పప్పు?" అని మొదలుపెట్టకండి. ఏ నెల నుంచి బిల్లు రాలేదో అడగండి. హెడ్‌మాస్టర్ బిల్లు ఏ తేదీన పంపారో, అది ఎక్కడ ఆగిందో కనుక్కోండి. ఆ వివరాలతో పంచాయతీ లెటర్‌హెడ్ మీద ఎంఈవోకు (మండల విద్యాధికారి), కాపీ డీఈవోకు (జిల్లా విద్యాధికారి) రాయండి. ఒక ఏజెన్సీ మహిళ పది ఉత్తరాలు రాసినా కదలని ఫైలు సర్పంచ్ ఉత్తరంతో కదలడం నేను చూశాను. ఆ తర్వాత మాత్రం తూకం విషయంలో రాజీ పడొద్దు. పొద్దున బియ్యం, పప్పు కొలిచేటప్పుడే వెళ్ళండి, మధ్యాహ్నం వడ్డించేటప్పుడు కాదు. వండాక ఎంత పడిందో ఎవరూ చెప్పలేరు.

2015 మధ్యాహ్న భోజన నియమాల్లో హెడ్‌మాస్టర్లకే చాలామందికి తెలియని విషయాలున్నాయి. బియ్యమో వంట డబ్బులో తాత్కాలికంగా అందకపోతే, బడిలో ఉన్న ఏ నిధినైనా వాడి భోజనం ఆగకుండా చూసే అధికారం హెడ్‌మాస్టర్‌కు ఉంది, తర్వాత ఆ డబ్బు తిరిగి జమవుతుంది. బియ్యం లేక, డబ్బులు లేక, గ్యాస్ లేక, వంటమనిషి రాక, ఏ కారణంతో భోజనం పెట్టకపోయినా ఆ రోజుకు పిల్లకు రావాల్సిన బియ్యం, వంట ఖర్చు కలిపి ఆహార భద్రతా భత్యంగా తర్వాతి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. వరుసగా మూడు రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ భోజనం పెట్టకపోతే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. మీ బడిలో భోజనం ఆగిన రోజులు రిజిస్టర్‌లో ఉన్నాయా, లేక ఆ రోజులు కూడా వండినట్టే రాశారా? చూడాల్సింది ముందు అదే.

శుభ్రత, భద్రత విషయంలో ఒక్క ఘటన గుర్తుచేస్తాను. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ బడిలో భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు కలిసింది. నూనె, పప్పు ఏ డబ్బాల్లో ఉన్నాయి, పక్కన ఏముంది, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నది అందుకే అడగాలి. పిల్లలకు పెట్టే ముందు కనీసం ఒక టీచర్, వీలైతే ఒక తల్లి కూడా రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం చేయాలి. నెల మొత్తానికి ఒకే రోజు, ఒకే పెన్నుతో పెట్టిన సంతకాలు చూడగానే తెలిసిపోతాయి. ఆ సంతకం విషం తినకుండా పిల్లల్ని కాపాడేది, దాన్ని ఫార్మాలిటీగా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

కులం మాట కూడా ఎత్తక తప్పదు. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ఫలానా ఆమె వండితే మా పిల్లలు తినరని ఎవరైనా మీ దగ్గరకొస్తే, "సర్దుకుపోదాం, మనిషిని మారుద్దాం" అనే మాట మీ నోట రాకూడదు. పిల్లలు కూర్చునే వరసలు, పళ్ళేలు, నీళ్ళ గ్లాసులు మీ కళ్ళతో మీరు చూడండి. వీలైతే మీరూ అదే వరసలో కూర్చుని తినండి.

అంగన్‌వాడీలో చూడాల్సింది తిండి ఒక్కటే కాదు, కాటా కూడా. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకు, గర్భిణులకు, బిడ్డ పుట్టిన ఆరు నెలల వరకు తల్లులకు అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం చట్టబద్ధమైన హక్కు. మన రాష్ట్రంలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉన్నాయి. చిన్నపిల్లలకు ఇంటికిచ్చే పోషకాహార పొడి బాలామృతం ఉంది. ఇవి అందుతున్నాయా అన్నది ఒక ప్రశ్న. ఎవరికి ఎక్కువ అవసరమో కనిపెడుతున్నారా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

టీచర్ నెలనెలా ప్రతి బిడ్డ బరువు, ఎత్తు కొలిచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. పని ఒత్తిడి ఎక్కువ, యాప్ సతాయిస్తుంది, సిగ్నల్ ఉండదు. దాంతో పోయిన నెల అంకెకు కొంచెం కలిపి రాసేస్తారు. రిజిస్టర్ తిప్పి చూడండి. పిల్లలందరూ నెలకు సరిగ్గా రెండు వందల గ్రాముల చొప్పున పెరిగినట్టు ఉంటే కాటా బీరువాలోంచి బయటకు రాలేదని అర్థం. నిజం బరువులు అలా ఉండవు. జ్వరం వచ్చిన బిడ్డ తగ్గుతుంది, ఇంకో బిడ్డ అక్కడే ఆగుతుంది. జబ్బ చుట్టుకొలత టేపు ఉంటుంది, పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే అది తీవ్ర పోషకాహార లోపం. ఆ బిడ్డను ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు చూపించి, అవసరమైతే ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. తన కూలి పోతుందని తల్లి వెనకాడుతుంది. బస్సు ఖర్చు, మిగతా పిల్లల్ని చూసుకునే మనిషి, ఇలాంటి సాయం పంచాయతీ ఏర్పాటు చేయగలదు. టీచర్ ఒక్కతే చేయలేదు.

గుడ్ల విషయానికొస్తే, కాంట్రాక్టర్ ఎప్పుడు దింపాడు, ఎన్ని, ఎన్ని పగిలినవి, ఎన్ని మరీ చిన్నవి అన్నది దింపిన రోజే రాయించండి. తక్కువ వస్తే టీచర్ పూర్తిగా ముట్టినట్టు సంతకం పెట్టకూడదు. ఆమె భయపడుతుంటే ఆ పేజీలో మీరూ సంతకం చేయండి. కొరత ఆమె మీద పడకుండా ఉంటుంది, కాంట్రాక్టర్ మీదకు పోతుంది.

ఇంకొకటి: ఊళ్ళో ఇటుక బట్టీలు ఉంటే ఒడిశా నుంచో మరో జిల్లా నుంచో వచ్చిన కుటుంబాలు ఉంటాయి. వాళ్ళ పిల్లలకు మన ఊరి ఆధార్ లేదని, సర్వే జాబితాలో లేరని అంగన్‌వాడీలో తిండి పెట్టకపోవడం తప్పు. వాళ్ళను రాసుకోవాలి. వాళ్ళ రేషన్ కార్డు సొంత రాష్ట్రంలో ఉన్నా వన్ నేషన్ వన్ రేషన్ కింద మీ షాపులోనే కేంద్రం వాటా బియ్యం తీసుకోవచ్చు. ఓట్లు లేవని ఎవరూ వాళ్ళ గురించి మాట్లాడరు. మీరు మాట్లాడండి.

ఇవన్నీ మీరొక్కరే చేయలేరు, చేయాల్సిన పని కూడా లేదు. ఆహార భద్రతా చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం ప్రతి చౌకధరల దుకాణానికీ విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో స్థానిక సంస్థకు, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు, నిరుపేదలకు, వికలాంగులకు చోటుండాలి. మూడు నెలలకోసారి కూర్చోవాలి. మీ ఊళ్ళో ఆ కమిటీ సభ్యులెవరో తహసీల్దార్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. తాము సభ్యులమన్న సంగతి సభ్యులకే తెలియకపోవడం కొత్తేం కాదు. మీ బంధువులెవరైనా డీలర్‌గానో, వంట ఏజెన్సీలోనో ఉంటే ఆ తనిఖీకి మీరు వెళ్ళకుండా ఉపసర్పంచ్‌ను పంపండి, ఆ విషయం గ్రామసభలో ముందే చెప్పేయండి.

ఫిర్యాదులు నోటిమాటగా తీసుకోవడం ఈ రోజు నుంచి మానేయండి. పంచాయతీ కార్యాలయంలో ఒక పుస్తకం పెట్టించి తేదీ, విషయం, ఎవరికి పంపాం, జవాబు ఎప్పుడొచ్చింది అని రాయించండి. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు డీలర్‌కో టీచర్‌కో చెప్పకండి. రేపు మళ్ళీ ఆ గుమ్మంలోనే నిలబడాల్సిన మనుషులు వాళ్ళు. రేషన్ సమస్యకు 1967 నంబర్ ఉంది, ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ పుస్తకంలో ఎక్కించండి. అక్కడ తేలకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయండి. అదనపు కలెక్టర్ పేషీలో అడిగితే ఎవరో చెబుతారు. ఆయన ఉత్తర్వు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. పరిష్కార అధికారి చెప్పిన ఉపశమనాన్ని సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి 5,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. మొత్తం చిన్నదే కానీ, ఆ నోటీసు సర్వీసు మీద మచ్చ కాబట్టి పని జరుగుతుంది.

వచ్చే గ్రామసభకు డీలర్ను, అంగన్‌వాడీ టీచర్ను, హెడ్‌మాస్టర్ను, వంట ఏజెన్సీ వాళ్ళను పిలవండి. గత మూడు నెలల్లో తమకు ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత పంచారు అన్న మూడు అంకెలే చదివించండి. ఎవర్నీ నిలదీయకండి, జనాన్ని వినమనండి. తేడాలు వాళ్ళే చెబుతారు. వాటిని తీర్మానంగా రాసి, సంబంధిత శాఖలన్నిటికీ అదే వారం పంపి, ముట్టినట్టు రసీదులు తీసుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే ఆ రసీదుల కాపీలు జత చేసి పరిష్కార అధికారికి వెళ్ళండి.